వేళకి వచ్చిన మాట

ఇల్లు,
డిసెంబరు 9

అమ్మాయీ,

ఫోన్లో నేను "ఊ" తప్ప ఏమీ అననని, అత్త చివరి రోజు ఎలా గడిచిందో కాగితం మీద పెట్టమని అడిగావు. పెడుతున్నాను.

ఆ ఆదివారం పొద్దున ఆరింటికి లేచింది. ఆస్పత్రిలో అది పదమూడో రోజు. రెండు గుక్కలు పాలు తాగింది. కిటికీ పక్క మంచం కావాలని మొదటి రోజు నుంచీ పేచీ పెడుతోంది కదా, ఆ రోజే ఇచ్చారు. కిటికీలోంచి కనబడేది స్కూటర్లు నిలిపే రేకుల షెడ్డు. కాసేపు చూసి "దీనికోసమా ఇంత గొడవ చేశాను" అంది.

పదీ పదికి గోల్ఫ్ పోటీ చివరి రోజు ఆటలో నువ్వు మొదటి దెబ్బ కొట్టావు. స్కోర్లు నా ఫోన్లో వస్తున్నాయి. ఒక్కో హోల్ అయ్యాక చదివి చెప్పాను. ఆరో హోల్లో ఒక దెబ్బ పోగొట్టుకున్నావని చెబితే కళ్ళు తెరవకుండానే "తొందరపడి ఉంటుంది" అంది. తొమ్మిదో హోల్ అయ్యేసరికి అందరికన్నా ఒక దెబ్బ ముందున్నావు. అప్పుడు కళ్ళు తెరిచింది. "పిచ్చుకకి అసలు బాధ ఇప్పుడు మొదలవుతుంది" అంది. నిన్ను ఆ పేరుతో తప్ప పిలవదు కదా.

పన్నెండున్నర దాటాక మాట తగ్గింది. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, దగ్గరివాళ్ళకి చెప్పుకోమన్నాడు. మీ నాన్నకి చెప్పాను. నువ్వు ఆట మధ్యలో ఉన్నావు, నీకు చెప్పలేదు.

ఒంటిగంట నలభైకి దిండు కింద నుంచి తన ఫోన్ తీసి, ఎప్పుడూ పంపే మాటే నీకు పంపింది. "నీళ్ళు తాగు." ఒంటిగంట యాభై అయిదుకి పోయింది. బాధ పడలేదు. చెయ్యి నా చేతిలో ఉంది.

రెండూ నలభైకి నీ ఆట అయిపోయింది. చివరి హోల్లో మూడడుగుల నుంచి గుంటలోకి పంపాల్సిన దెబ్బ తప్పిందనీ, తిరిగి వచ్చే రెండడుగులదీ తప్పిందనీ, ఒక్క దెబ్బ తేడాతో రెండో స్థానంలో మిగిలావనీ ఫోన్లోనే చూశాను. మూడింటికి నీకు ఫోన్ చేసి అత్త సంగతి చెప్పాను. "ఊ" అన్నావు. నా దగ్గరే నేర్చుకున్నట్టున్నావు.

సాయంత్రం నర్సు వస్తువులు ఒక సంచిలో సర్ది ఇచ్చింది. కళ్ళజోడు, దువ్వెన, ఫోను, నీ పాత స్కోరుకార్డు ఒకటి. దాని వెనక బజారునుంచి తేవలసినవి రాసుకుంది. బల్బు, సూదులు, నాకు చెప్పులు.

ఇంతే.

మామయ్య


ప్రాక్టీసు మైదానం, పై అంతస్తు గది,
జనవరి 4

మామయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. నిమిషాలతో సహా రాశారు. గోల్ఫ్ కోర్సు చూసుకుంటూ గడ్డి ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందో రాసుకునే మనిషి కదా, ఇదీ అలాగే రాశారు. తప్పు పట్టడం లేదు. నేనే అడిగాను.

నా సంగతి. చేతులు పనిచెయ్యడం లేదు. రెండొందల గజాల అవతలికి కొట్టమంటే గీత గీసినట్టు కొడతాను. పదడుగుల దూరం నుంచి గుంటలోకి దొర్లించమన్నా ఫరవాలేదు. మూడడుగులకి వచ్చేసరికి కుడిచెయ్యి దానంతట అది ఎగురుతుంది. అరచేతిలో కప్పపిల్లని పట్టుకున్నట్టు. డాక్టరుకి చూపించాను. నరాలు బాగానే ఉన్నాయట. "ఏదైనా దిగులా" అన్నాడు. గోల్ఫ్ అని చెప్పాను. ఆయన నవ్వాడు.

ఆ రోజు గెలిచి ఉంటే రెండేళ్ళ దాకా ఎవరి దయా అక్కర్లేకుండా అన్ని పోటీలూ ఆడేదాన్ని. ఇప్పుడు ఏప్రిల్లో అర్హత పోటీకి వెళ్ళాలి. మూడు రోజులు, నూట పది మంది, ఇరవై చోట్లు. అందులో రాకపోతే ఈ ఏడాదికి నాకు ఆట లేదు. నాకు ముప్పై ఒకటి. మైదానం యజమాని పొద్దుటిపూట పిల్లలకి నేర్పించే పని ఇస్తానంటున్నాడు. మంచి మనిషి, మంచి పని. అందుకే భయంగా ఉంది.

మీరు ఏనాడూ క్లబ్బు పట్టి ఆడలేదు కానీ పోటీ రోజు పొద్దున మీరు గొట్టంతో కొత్త గుంట కోస్తుంటే చూశాను. వెనక అధికారులు చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. గీటు పడితే మళ్ళీ కుదరదు. మీ చెయ్యి కదలదు. ఎలా?

ఇంకోటి. అత్త ఆ నీళ్ళ మాట ఒంటిగంట నలభైకే పంపిందా? గడియారం చూసే రాశారా?

పెరట్లో మీరు నా కోసం రోజూ చోటు మార్చే గుంట ఈ రోజు ఎక్కడ?

ఇట్లు,
మీ మేనకోడలు


ఇల్లు,
జనవరి 15

అమ్మాయీ,

గడియారం చూసే రాశాను.

నువ్వు అడిగిన దానికి జవాబు. నా చెయ్యి కూడా కదులుతుంది. గొట్టం బరువు పదిహేను కిలోలు, అందుకని కనబడదు. రెండు చేతులతో పిడి పట్టుకుని కిందికి అదుముతాను. పావు తిప్పు కుడికి, పావు తిప్పు ఎడమకి. మధ్యలో ఆగుతాను. చెయ్యి నిలకడగా ఉండక్కర్లేదు, పనిముట్టు బరువుగా ఉంటే చాలు. బంతిని గుంటలోకి దొర్లించే నీ పటర్ తేలిక. పదహారేళ్ళప్పుడు కొన్నది. దాని తల కింద సీసం పట్టీ అంటించి చూడు.

అధికారులు వెనక నిలబడినప్పుడు నేను వాళ్ళ గురించి ఆలోచించను అంటే అబద్ధం. ఆలోచిస్తాను. కానీ గొట్టం అంచు కింద ఉన్న గడ్డిపోచల్లో ఒకదాన్ని చూస్తాను. ఇది మీ అత్త నాకు చెప్పింది, నీకూ చెప్పింది. ఎనిమిదేళ్ళప్పుడు నువ్వు గుంట చూసి బెదిరిపోతుంటే, "మొత్తం గుంటని ఎందుకే చూస్తావు, అంచున ఒక పోచ చూడు. ఒక్కటే. దాని మీదికి పంపు" అంది. మూడడుగులు వెనక్కి, ఒక ఊపిరి, ఒక పోచ. కాలేజీలో ముప్పై ఏళ్ళు పిల్లల చేత పరుగులు తీయించిన మనిషి. ఆవిడ చెప్పే పాఠాలన్నీ మూడు ముక్కలు దాటేవి కావు.

నువ్వు భయమేస్తోందని ఏడిస్తే ఏమందో గుర్తుందా. "వెయ్యనీ. అది చూడ్డానికి వచ్చింది, ఆడ్డానికి కాదు."

ఇక్కడ చలి. ఏడో గ్రీన్ మీద, గుంట చుట్టూ ఉన్న పొట్టి గడ్డికి, తెల్లటి బూజు మచ్చలు వచ్చాయి. మందు కొట్టాను. కొత్తగా వచ్చిన మేనేజరు గడ్డి ఇంకా పొట్టిగా కోయమంటాడు. ఊపిరాడదు దానికి అంటే, గడ్డికి ఊపిరేమిటి అన్నాడు. నేను డిగ్రీలో చదివిందే అది. చెప్పలేదు. వాదించే ఓపిక లేదు.

మామయ్య


ప్రాక్టీసు మైదానం,
ఫిబ్రవరి 10

మామయ్యా,

పెరట్లో గుంట ఎక్కడని అడిగాను. జవాబు రాయలేదు. పొద్దున్నే మీరు గొట్టం పట్టుకుని నిలబడటం, అత్త వెనక గుమ్మంలోంచి చేతికర్రతో "అక్కడ కాదు, ఇంకాస్త ఇటు" అని చూపించడం, నేను ఫోన్లో "ఈ రోజు ఎక్కడ" అని అడగడం. నాకు అది వార్తల్లాంటిది. పోనివ్వండి.

సీసం పట్టీ అంటించాను. రెండు వారాలు బాగుంది. మొన్న ఒక చిన్న పోటీ ఆడాను. మొదటి రోజు నాలుగుసార్లు మూడడుగుల లోపలి నుంచి తప్పాను. నా బ్యాగు మోసే మన రేడియో నోరు మూసుకున్నాడు. బ్యాగు భుజాన వేసుకున్నప్పటి నుంచి దించేదాకా వాగుతూనే ఉంటాడని అత్తే కదా పెట్టింది ఆ పేరు. అలాంటివాడు పది హోల్స్ ఒక్క మాట అనలేదు. అప్పుడు తెలిసింది నా పరిస్థితి ఎంత ఘోరంగా ఉందో. రెండో రోజు ఆడకుండా వచ్చేశాను.

ఇప్పుడు మీకో సంగతి చెబుతాను. మీరు ముందు చెబుతారేమోనని రెండు ఉత్తరాలు చూశాను. మీరు చెప్పరు.

అత్తకి ఒంట్లో బాగోలేక నా బ్యాగు రేడియోకి అప్పగించి మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ ఆట నడుస్తుండగా అతని ఫోన్‌కి ఆ ఒక్క మాటే పంపేది. బయటినుంచి ఎవరూ ఆట గురించి చెప్పకూడదు కానీ నీళ్ళు తాగమనడం ఆట గురించి కాదు కదా అని అధికారితోనే వాదించి మరీ పంపేది. పదిహేనో హోల్ దగ్గర నాకు కాళ్ళు చల్లబడతాయని ఆవిడకి తెలుసు. అందుకే సరిగ్గా అక్కడికి అందాలని పంపేది. మూడేళ్ళలో ఒక్కసారైనా అక్కడ అందలేదు. పదహారో హోల్లో వచ్చేది, పదిహేడులో వచ్చేది. ఒకసారి నేను స్కోరుకార్డు ఇచ్చేసి బూట్లు విప్పుకుంటుంటే వచ్చింది. కళ్ళజోడు కనబడలేదంది. ఇంకోసారి మీతో పోట్లాడుతున్నానంది.

ఆ ఆదివారం నేను పదిహేనో హోల్ దగ్గర బంతి పెట్టడానికి వంగుతుంటే రేడియో ఫోన్ చూపించాడు. "చూడండమ్మా, ఈసారి టైముకి పంపారు" అని మురిసిపోయాడు.

నేను చూశాను. టైముకి వచ్చిన మాట అత్తది కాదు. హోల్‌కి పదిహేను నిమిషాలని లెక్క కట్టి పంపే మనిషి మన కుటుంబంలో ఒక్కరే. ఆ మనిషిని అత్త తన ఫోన్ ముట్టుకోనివ్వదు. "నా ఫోన్ ముట్టుకుంటే నీ గొట్టం దాచేస్తా" అని ఎన్నిసార్లు అనలేదు. మీరు దాన్ని ముట్టుకున్నారంటే వద్దనడానికి అత్త లేదు.

నాకు తెలుసు మామయ్యా. పదిహేనో హోల్ నుంచి తెలుసు. మీరు మూడింటికి చెప్పేదాకా ఆగక్కర్లేకపోయింది.

తెలిసీ బంతి పెట్టి కొట్టాను. అంత బాగా ఎప్పుడూ కొట్టలేదు. పదిహేను, పదహారు, పదిహేడు, ఒక్క తప్పు లేదు. గుండె కొట్టుకోలేదు, నోరు ఎండలేదు. చివరి హోల్లో మూడడుగుల దగ్గర నిలబడ్డప్పుడు కూడా చేతులు వణకలేదు. అందరూ ఒత్తిడికి వణికి తప్పిందనుకున్నారు. పేపర్లో అలాగే రాశారు. అప్పుడు వణికి ఉంటే బాగుండేది. రాయిలా నిలబడి, పోచని చూడాలని చూస్తే ఏ పోచా కనబడలేదు. కొట్టాను. పడలేదు. మళ్ళీ కొట్టాను.

ఆ రోజు వణకాల్సిన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. డాక్టరుకి ఈ ముక్క చెప్పలేదు.

బ్యాగు అక్కడ పడేసి రోడ్డు మీదికి పరుగెత్తి ఉండాల్సింది. నాలుగు హోల్స్ ఆడాను.

మీ పిచ్చుక


ఇల్లు,
ఫిబ్రవరి 21

పిచ్చుకా,

నీ లెక్క సరైనదే. ఒంటిగంట ఇరవైకి పోయింది. నువ్వు పదమూడో హోల్లో ఉన్నావు. ఇరవై నిమిషాలు పక్కన కూర్చున్నాను. నువ్వు పదిహేనుకి వచ్చే వేళ అయిందని దిండు కింద నుంచి ఫోన్ తీశాను. పాత సందేశాలు చూసి అదే మాట పంపాను. ఎప్పుడూ ఆలస్యంగా పంపుతుందని నాకు తెలియదు. చెప్పలేదు. వేళకే పంపుతున్నానని నాతో అనేది.

నీ చేతులు వణకలేదన్నావు. నావీ వణకలేదు. అక్షరం తప్పు లేకుండా రాశాను.

నీకు తెలియనిది ఇంకోటి ఉంది. మొదటి ఉత్తరంలో అది రాయకుండా ఉండటానికే నిమిషాలన్నీ రాశాను.

ఒంటిగంటకి కళ్ళు తెరిచింది. "దాన్ని పిలువు" అంది.

"ఏం చెబుతావు" అన్నాను.

"ఏమీ చెప్పను. గొంతు వింటాను."

"ఆట అయ్యాక పిలుద్దాం. ఇంకో ఆరేడు హోల్సేగా" అన్నాను.

"సరే" అంది.

ముప్పై రెండేళ్ళలో నేనన్నదానికి మీ అత్త వాదించకుండా సరే అనడం అదే మొదలు. అప్పుడే తెలిసి ఉండాల్సింది. తెలియలేదు. స్కోరు చూస్తున్నాను.

రేడియో ఫోన్‌కి చేస్తే ఒక్క నిమిషం పని. నువ్వు ఆట ఆపేస్తావని చెయ్యలేదు. ఆపకూడదని నేను అనుకున్నాను. ఆవిడ తరఫునా, నీ తరఫునా నేనే అనుకున్నాను. మీ ఇద్దరూ పన్నెండేళ్ళ నుంచి ఆ రోజు కోసమే ఎదురు చూస్తున్నారని నాకు నేను చెప్పుకున్నాను.

నీ చేతుల సంగతి నాకు తెలియదు. కానీ నువ్వు మోస్తున్న దాంట్లో పెద్ద వంతు నాది. అది నాకు వదిలెయ్యి. పోటీకి వెళ్ళు.

మామయ్య


మీ వంటింటి బల్ల దగ్గర నుంచి,
మార్చి 14

మామయ్యా,

మీరు పనిలో ఉంటారని తెలిసే ఈ వేళకి వచ్చాను. నా తాళం చెవి ఇంకా పనిచేస్తోంది. మూడు వారాలు మీకు ఉత్తరం రాయలేదు. కోపం రాలేదనను. ఆ "సరే" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. బస్సులో, స్నానాల గదిలో, బంతులు ఏరుకుంటూ, అదే. ఒక నిమిషం గొంతు వినేది కదా అని.

తర్వాత ఇంకోటి అనిపించింది. మీరు ఆ ఫోన్ చేసి ఉంటే నేను ఆట ఆపేసేదాన్నని మీరు రాశారు. నాకు అంత నమ్మకం లేదు. చచ్చిపోయిందని తెలిసి నాలుగు హోల్స్ ఆడినదాన్ని. కాబట్టి పెద్ద వంతు మీదని గుంజుకోకండి. నా వంతు కూడా మీరే మోస్తానంటే ఒప్పుకోను. నాది నాకుండనివ్వండి. మీది మీరు ఉంచుకోండి. ఇంతకన్నా మర్యాదగా చెప్పడం రాలేదు.

ఇల్లు శుభ్రంగా ఉంది. అంత శుభ్రంగా ఉంటే భయమేసింది. అత్త కళ్ళజోడు ఫ్రిజ్ మీదే ఉంది. ఎప్పుడూ అక్కడే మర్చిపోయి ఇల్లంతా వెతికేది. మీరు తీయలేదు, నేనూ తీయలేదు.

పెరట్లోకి వెళ్ళాను. గడ్డి బ్రహ్మాండంగా కోశారు. గుంట మాత్రం అక్టోబరులో, అత్తని ఆస్పత్రిలో చేర్చిన రోజు నేను వచ్చినప్పుడు ఎక్కడుందో అక్కడే ఉంది. అంచులు అరిగి లోపలికి విరిగాయి. చుట్టూ గడ్డి పైకి ఉబ్బి చిన్న గట్టులా అయింది. నలభై బంతులు కొట్టాను. పదహారు పడలేదు. వాటిలో ఎన్ని నా చేతుల వల్ల, ఎన్ని ఆ గుంట వల్లో చెప్పలేను. కొన్నయితే లోపలికి దిగబోయి, ఎవరో నెట్టినట్టు బయటికి వచ్చాయి.

నిన్నటి గుంట అబద్ధం చెబుతుందని నాకు నేర్పింది మీరే. ఈ గుంటకి అయిదు నెలలు.

మీ టీ కప్పులో టీ తాగాను. కడిగి పెట్టాను. బస్సుకి వేళవుతోంది.

పిచ్చుక


ఇల్లు,
మార్చి 20

పిచ్చుకా,

కప్పు సరిగా కడగలేదు. అడుగున మరక ఉంది.

గుంట సంగతి. కోర్సు మీద పద్దెనిమిది గుంటలు రోజూ మారుస్తున్నాను. ఒక్క రోజు మానలేదు. ఇంటికొచ్చి పెరట్లోకి గొట్టం తీసుకెళతాను. ఎక్కడ పెట్టాలో అడగడానికి గుమ్మం వైపు చూస్తాను. తర్వాత గొట్టం షెడ్డులో పెట్టేస్తాను. మొదట్లో రోజూ వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు వారానికోసారి.

కోర్సు మీద అధికారులు కాగితం మీద గుర్తు పెట్టి ఇస్తారు. ఇక్కడ మీ అత్త చూపించేది. నా అంతట నేను ఎక్కడ పెట్టాలో ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఏనాడూ చూసుకోలేదని ఇప్పుడు తెలిసింది.

నీ వంతు గురించి రాసింది చదివాను. సరే.

వాదించకుండా అంటున్నాను. గమనించు.

పోటీ గ్రీన్లు ఇసుక ఎక్కువ కలిపినవని విన్నాను. సాయంత్రం అయ్యేసరికి బంతి వేగం పెరుగుతుంది. గుంట దాటి రెండడుగులు పోయేలా కొట్టే అలవాటు నీకు. అక్కడ వద్దు.

మామయ్య


పోటీ జరిగిన ఊరు, హోటలు గది,
ఏప్రిల్ 20

మామయ్యా,

ఇరవై చోట్లు. నేను ఇరవయ్యోదాన్ని.

ఇది ముందు రాయకపోతే మీరు చివరి పేజీ ముందు చదువుతారని తెలుసు. ఇప్పుడు మొదటినుంచి చదవండి.

మొదటి రోజు అయిదుసార్లు దగ్గరినుంచి తప్పాను. నూట పది మందిలో అరవైల్లో ఎక్కడో ఉన్నాను. రెండో రోజు గాలి వీచింది. గాలిలో అందరూ పాడుచేసుకుంటుంటే నేను కాస్త తక్కువ పాడుచేసుకున్నాను. ముప్పయ్యారు. ఈ రోజు పొద్దున రేడియో "ఇంకో పదహారు మందిని తోసెయ్యాలి, అంతే కదమ్మా" అన్నాడు, ఏదో సినిమా టికెట్ల వరుసలో నిలబడ్డట్టు. వాడు మళ్ళీ వాగుతున్నాడు. సంతోషం వేసింది.

పదిహేనో హోల్ దగ్గర అలవాటు కొద్దీ జేబులోంచి ఫోన్ తీశాడు. చూసుకున్నాడు. తల వంచుకుని మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. నేను బ్యాగులోంచి సీసా తీసి నీళ్ళు తాగాను. అతనికీ ఇచ్చాను. తాగాడు. కాళ్ళు చల్లబడ్డాయి, ఎప్పట్లాగే. అలాగే వెళ్ళి కొట్టాను.

చివరి హోల్. నాలుగడుగులు మిగిలింది. గ్రీన్ పక్కన పెద్ద బోర్డు మీద పేర్లు ఉన్నాయి, చూడకూడదనుకుంటూ చూశాను. పడితే ఇరవయ్యో చోటు. పడకపోతే పొద్దున్నే పిల్లలకి బంతి ఎలా పట్టుకోవాలో చెప్పే పని.

చేతులు మొదలెట్టాయి. ఈసారి కప్పపిల్ల కాదు, రెండు కప్పలు. మూడడుగులు వెనక్కి వేశాను. ఊపిరి తీశాను. వణుకు ఆగేదాకా ఆగుదామనుకున్నాను. ఆగలేదు. నాతో ఆడే అమ్మాయి దగ్గింది. అధికారి గడియారం వైపు చూశాడు. అప్పుడనిపించింది, నవంబరులో రాయిలా నిలబడ్డప్పుడు ఏమి పడింది కనక, ఇప్పుడు ఇది ఆగాలని పట్టుబట్టడానికి? వణకనీ. అది నాదే. సీసం పట్టీ బరువు చేతికి తెలుస్తోంది. పటర్ తల నేలకి ఆనించి పోచ కోసం చూశాను. ఒకటి కనబడింది, కొన తెగి గోధుమరంగు తిరిగింది. ఎవరు కోశారో గానీ వాళ్ళ బ్లేడు మొద్దుబారింది. మీరైతే తిట్టేవారు. ఆ మాటే అనుకుంటూ కొట్టాను.

కుడి అంచు పట్టుకుని చుట్టూ తిరిగింది మామయ్యా. సగం తిరిగి, ఒక క్షణం ఆగి, పడింది. రేడియో బ్యాగు మీదే కూలబడ్డాడు. నేను బంతి తీసుకోవడానికి వంగితే లేవడానికి చాలాసేపు పట్టింది. ఏడవలేదు. అలసటంతే. రెండు చేతులూ ఇంకా వణుకుతున్నాయి. ఇప్పుడు కూడా, నా అక్షరాలు చూడండి.

గొంతు వింటానంది కదా. వంగి ఉన్నప్పుడు గుంటలోకి "పడింది" అన్నాను. రేడియో "ఏమన్నారమ్మా" అన్నాడు. ఏమీ లేదన్నాను.

శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తాను. వారం ఉంటాను. ఆ పాత గుంటలోకి మాత్రం కొట్టను, ముందే చెబుతున్నాను. ఎక్కడ పెట్టాలని నన్ను అడక్కండి. అత్త కర్ర నేను పట్టుకోను. మీరే చూసుకోండి.

మీ పిచ్చుక


ఇల్లు,
ఏప్రిల్ 24, శుక్రవారం

పిచ్చుకా,

ఇది పోస్టు చేస్తే నీకు చేరేలోపు నువ్వే వచ్చేస్తావు. అందుకని వంటింటి బల్ల మీద పెడుతున్నాను. నేను రేపు మధ్యాహ్నం పనిలో ఉంటాను. మూడింటికల్లా వస్తాను.

నీ ఉత్తరం చివరి పేజీ ముందు చదవలేదు. మొదటి లైను చదివి మడిచి, జేబులో పెట్టుకుని, పద్దెనిమిది గ్రీన్లూ తిరిగి వచ్చాక మిగతాది చదివాను. పన్నెండో గ్రీన్ దగ్గర కాసేపు కూర్చున్నాను. మేనేజరు చూసి ఒంట్లో బాగోలేదా అన్నాడు. కోడలు గెలిచిందన్నాను. ఎన్నో స్థానం అన్నాడు. ఇరవై అన్నాను. అతను వెళ్ళిపోయాడు.

నీ అక్షరాలు చూశాను. వంకరగా ఉన్నాయి. చదవగలిగాను.

గుంటలోకి నువ్వన్న మాట గురించి ఏమి రాయాలో తెలియడం లేదు. రాయను.

నిన్న సాయంత్రం మీ అత్త కళ్ళజోడు ఫ్రిజ్ మీద నుంచి తీసి, తుడిచి, సొరుగులో పెట్టాను. ఈ రోజు పొద్దున అలవాటుగా ఫ్రిజ్ మీదికి చూశాను. లేదు. సొరుగులో ఉంది. ఒకవేళ నువ్వు వెతికితే అక్కడ.

పెరట్లో నాలుగు వైపులా నడిచి చూశాను. గోడ పక్క ఎడమ మూల ఒకటుంది. అక్కడ నేల కుడికి వాలుతుంది. మీ అత్త ఆ చోటు ఎప్పుడూ చూపించలేదు. ఒకసారి నేనే అడిగితే "అక్కడ పెడితే పిచ్చుక ఏడుస్తుంది" అంది. నువ్వు అప్పుడు తొమ్మిదేళ్ళదానివి. ఇప్పుడు తట్టుకుంటావనుకుంటున్నాను. తట్టుకోకపోతే ఎల్లుండి ఇంకోచోటికి మారుస్తాను.

రేపు పొద్దున అయిదున్నరకి లేస్తాను. ముందు గడ్డి కోస్తాను. తర్వాత షెడ్డులోంచి గొట్టం తీసుకుని, గుమ్మం వైపు చూడకుండా ఎడమ మూలకి వెళతాను. పావు తిప్పు కుడికి, పావు తిప్పు ఎడమకి, కొత్త గుంట కోస్తాను. పైకి వచ్చిన మట్టిముద్దని గడ్డితో సహా పాత గుంటలో దింపుతాను. అరికాలితో అదుముతాను. నీళ్ళు పోస్తాను.

మామయ్య